గురువులు రాని ఆదివారం



ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండ మెట్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు, తెలుగు నేల మీద కతోలిక విశ్వాసం ఎంత బలంగా ఉందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదనిపిస్తుంది. గుండు గీయించుకున్న పిల్లలు, కొబ్బరికాయలు పట్టుకున్న తల్లులు, కొవ్వొత్తుల కట్టలు, మొక్కుబడి ఉందని ఆగి ఆగి మెట్లెక్కే ముసలివాళ్లు. ఆ జనంలో క్రైస్తవులెవరో, కానివాళ్లెవరో పోల్చుకోవడం కష్టం. 1924లో అక్కడి అనాథాశ్రమాన్ని చూసుకుంటున్న ఫాదర్ ఆర్లాటి అనే గురువు ఆ కొండ దగ్గర మరియమాత స్వరూపాన్ని నిలిపారు. నూరేళ్లు దాటింది. తిరునాళ్ల ఏటేటా పెరుగుతూనే వచ్చింది.

ఆ మూడు రోజుల గురించి చెప్పడానికి పత్రికలున్నాయి, టీవీలున్నాయి. నేను ఈ పూట మాట్లాడదలచుకున్నది 12వ తేదీ గురించి. బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు ఎక్కి జనం తమ తమ ఊళ్లకు వెళ్లిపోయాక ఆ విశ్వాసం ఏమవుతుంది? మిగిలిన సంవత్సరమంతా దాన్ని ఎవరు నీళ్లు పోసి చూసుకుంటారు?

కతోలిక సంఘం ఏర్పాటు తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఒక పీఠాధిపతి ఏలుబడిలో ఉండే ప్రాంతం మేత్రాసనం. మన దగ్గర హైదరాబాదు, విశాఖపట్నం మేత్రాసనాలు 1886 నాటివి. తర్వాత 1928లో నెల్లూరు, 1937లో బెజవాడ, 1940లో గుంటూరు వచ్చాయి. ఒక్క 1976లోనే ఏలూరు, కడప, నల్గొండ మూడూ ఏర్పడ్డాయి. మేత్రాసనం కింద విచారణలుంటాయి. ఒక్కో విచారణకు ఒక విచారణ గురువు. పట్నంలో అయితే ఒక గుడి, ఒక విచారణ, లెక్క సరిపోతుంది. పల్లెల్లో అలా కుదరదు. ఒక గురువు చేతికింద పది ఊళ్లుండవచ్చు, పదిహేనుండవచ్చు. అన్నిటికీ ఆదివారం ఒక్కటే. పొద్దున విచారణ కేంద్రంలో పూజ, తర్వాత ఒక ఊరు, సాయంత్రం ఇంకో ఊరు. ఎంత ఓపికున్న గురువైనా అంతకన్నా తిరగలేరు. అంటే మిగిలిన ఊళ్లకు ఆ ఆదివారం గురువులు రారు. దివ్యబలిపూజ ఉండదు.

నా లెక్కలో మేత్రాసనం ఆధ్యాత్మిక జీవితానికి అసలు పరీక్ష ఆ ఆదివారమే. ఆ పరీక్ష రాసే మనిషి ఉపదేశి, అంటే గురువు లేనప్పుడు ఊరి ప్రార్థన నడిపించే సామాన్య విశ్వాసి.

ఉపదేశిగారిని చూడనివాళ్లకు ఆ సాయంత్రం ఎలా ఉంటుందో చెబుతాను. గుడి అంటే పెద్ద కట్టడమేమీ కాదు. సిమెంటు గచ్చు, రేకుల కప్పు, గోడల వెంట సిలువ మార్గం పటాలు పద్నాలుగు, వాటిలో రెండు మూడు వానకు తడిసి ఉబ్బినవి. ఆరు గంటలకు ఉపదేశిగారు వచ్చి తాళం తీస్తారు. మైకు పెట్టి రెండు పాటలు వేస్తారు. అదే మొదటి గంట కింద లెక్క. మిరపకోతల నుంచి వచ్చినవాళ్లు స్నానం చేయాలి, చంటివాళ్లకు అన్నం పెట్టాలి. అందుకని రెండో గంట ఎప్పుడూ ఆలస్యమే. పిల్లలు ముందు చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్లు ఒక పక్క, కొంగు తలమీదికి లాక్కుని. మగవాళ్లు ఇంకో పక్క. కుర్రకారు గుమ్మం దగ్గర, లోపలా కాదు, బయటా కాదు. డోలక్ వాయించేవాడు రాకపోతే పాట కాస్త నీరసిస్తుంది, అంతే.

సిలువ గుర్తు వేసుకుని మొదలుపెడతారు. ఆ ఆదివారానికి ఏర్పరచిన పఠనాలు చదువుతారు. రోములో పోపుగారు, హైదరాబాదులో అగ్రపీఠాధిపతి ఆ రోజు ఏ సువిశేష భాగం వింటారో ఈ రేకుల గుడిలో కూలికి వెళ్లొచ్చినవాళ్లు కూడా అదే వింటారు. మూడేళ్లకొకసారి ఆ పఠనాల చక్రం తిరిగి వస్తుంది. కాబట్టి బడికి వెళ్లని పెద్దమ్మలకు కూడా సువిశేషం చాలావరకు కంఠతా వచ్చేసి ఉంటుంది. చదివేవాడు ఎక్కడైనా తడబడితే ముందు వరుసలోంచి అందించేది వాళ్లే.

తర్వాత ఉపదేశిగారు పది నిమిషాలు మాట్లాడతారు. మత్తయి సువిశేషంలో అప్పు తీర్చలేని సేవకుడి కథ ఉంది కదా. రాజు అతని పెద్ద బాకీని మొత్తం మాఫీ చేస్తాడు. బయటికి రాగానే వాడు, తనకు కాస్త డబ్బు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకుంటాడు. పట్నంలో ఈ భాగం మీద ప్రసంగమంటే ఆ కాలపు నాణేల విలువ దగ్గర మొదలవుతుంది. ఊళ్లో ఉపదేశిగారికి అంత దూరం వెళ్లే పని లేదు. "పోయినేడు మిర్చి ధర పడిపోతే షావుకారు మన వడ్డీ వదిలేశాడా లేదా? మరి మన చేను గట్టు మీద గేదె పడిందని మనం పక్కింటివాణ్ణి ఏం చేశాం?" అంటారు. ఆ గేదె ఎవరిదో, ఆ గట్టు ఎవరిదో కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. ఎవరూ తలెత్తరు. వేదశాస్త్రం చదివిన గురువుకు ఈ వెసులుబాటు ఉండదు. నెలకొకసారి వచ్చేవాళ్లకు గట్టు తగాదా తెలియదు.

విశ్వాసుల ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి పుస్తకం పక్కకు పోతుంది. గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నవాళ్ల కోసం, నెలలు నిండిన కోడలి కోసం, రెండోసారి బోరు వేసినా నీళ్లు పడనివాళ్ల కోసం, హైదరాబాదు పనికి వెళ్లి నెలైనా ఫోను చేయని కొడుకు కోసం ప్రార్థిస్తారు. ఆ తర్వాత ప్రకటనలు. ఫాదర్‌గారు ఫలానా తేదీన వస్తారు, పాపసంకీర్తనం చేయదలచినవాళ్లు ముందుగా రండి. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెండ్లి చాటింపు, ఇది రెండోసారి, అభ్యంతరాలుంటే చెప్పండి. అయిపోయింది. గంట కూడా పట్టదు.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. గుడికి తాళం వేసి, ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని ఆయన ఒక ఇంటికి వెళతారు. "ఏం బాబాయ్, రెండు వారాల నుంచి గుడి దగ్గర కనపడటం లేదు?" "కాలు వాచింది ఉపదేశిగారూ, గడప దాటలేకపోతున్నా." "అయితే మేమే వచ్చాంగా." మంచం పక్కన కూర్చుని జపమాలలో ఒక పది పూసల జపం చెబుతారు. లేచేటప్పుడు మందులున్నాయా లేవా అని అడుగుతారు. ఫాదర్‌గారు వచ్చిన రోజు ఆయన చెవిన వేయవలసినవాటిలో ఈ ముసలాయన పేరు చేరుతుంది. ఎవరికి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వాలి, ఏ బిడ్డకు జ్ఞానస్నానం ఆలస్యమైంది, ఏ మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడం లేదు, ఇదంతా ఆయన నోట్‌బుక్కులోనో, నోట్‌బుక్కు లేకపోతే తలలోనో ఉంటుంది. ఉపదేశి చెప్పకపోతే విచారణ గురువుకు ఊరు సగమే కనిపిస్తుంది.

ఇది ఈనాటి ఏర్పాటు కాదు. 18వ శతాబ్దంలో ఏసుసభ గురువులు కర్ణాటక మిషను పేరుతో అనంతపురం ప్రాంతంలోనూ, అక్కడినుంచి ఒంగోలు, గుంటూరు వైపూ తెలుగు సంఘాలను నిలిపారు. తెలుగుకు వ్యాకరణం, నిఘంటువు రాసిన గస్టన్ కేర్దూ వాళ్లలోని వారే. 1773లో రోము ఏసుసభనే రద్దు చేసింది. పారిసు మిషనరీలు ఆ బాధ్యత తీసుకున్నా, ఆ కొద్దిమంది ఏ మూలకని వెళ్లగలరు? గురువు ముఖం చూడకుండా ఏళ్లు గడిపిన ఊళ్లున్నాయి. 19వ శతాబ్దం రెండో సగంలో మిల్‌హిల్ గురువులు గుంటూరు సీమకు వచ్చేనాటికి ఫిరంగిపురం వంటి చోట్ల జపాలు తెలిసిన, పండుగలు తెలిసిన, పిల్లలకు నేర్పుకుంటున్న కుటుంబాలున్నాయి. మధ్యకాలంలో ఆ దీపం ఆరకుండా చూసినవాళ్ల పేర్లు చాలావరకు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లు ఉపదేశులు, ఇంటి పెద్దలు, అమ్మమ్మలు.

పేరు మిగిలిన ఒకావిడ ఉన్నారు. జ్ఞానమ్మ. ఫిరంగిపురం ఆడపడుచు, మద్రాసు దగ్గర కీళచేరి అనే తెలుగు కతోలిక ఊరికి కోడలు. భర్త పోయాక, పిల్లలున్న విధవరాలు, ఆ రోజుల్లో ఇంట్లో ఒక మూలన కూర్చుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. 1863లో ఆమె అక్కడ ఆడపిల్లలకు బడి పెట్టారు. పునీత అన్నమ్మ పేరిట మన ప్రాంతంలో పనిచేస్తున్న కన్యస్త్రీల సభల్లో కొన్నింటికి మొదలు ఆవిడే. ఏ విదేశం నుంచీ రాలేదు, ఏ మఠంలోనూ పెరగలేదు. ఒక తెలుగు తల్లి.

19వ శతాబ్దం చివరా, 20వ శతాబ్దం మొదట్లోనూ మాలపల్లెలు, మాదిగపల్లెలు ఊళ్లకు ఊళ్లు క్రీస్తు వైపు వచ్చినప్పుడు ఉపదేశి పని రెట్టింపయింది. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు సత్యోపదేశం. పలకా జపమాలా ఒకే మనిషి చేతిలో ఉండేవి. ఆయన ఉత్తరం చదివి పెట్టాలి, అర్జీ రాసి పెట్టాలి, మునసబు దగ్గరికి వెంట వెళ్లాలి. పల్లె గౌరవం ఆయన చొక్కాలో కనిపించేది. తర్వాత బడులకు ప్రభుత్వ సాయం వచ్చింది. మంచిదే. కానీ దాంతో ఉపాధ్యాయుడు వేరయ్యాడు, ఉపదేశి వేరయ్యాడు. ఉపాధ్యాయుడికి జీతమూ పింఛనూ వచ్చాయి. ఉపదేశికి గౌరవం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఆ గౌరవమూ పలచబడుతోంది. ఉపదేశి కొడుకు ఉపదేశి కావాలని కోరుకునే ఇల్లు ఇవాళ ఎక్కడుంది?

ఇంకో సంగతి దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. మా కతోలిక పెద్దలు కూడినప్పుడల్లా వినిపించే ఫిర్యాదు ఒకటుంది, "మనవాళ్లు వేరే ప్రార్థన మందిరాలకు వెళ్లిపోతున్నారు" అని. పెంతెకోస్తు పాస్టర్లను తిట్టుకోవడం కూడా వింటుంటాను. ఆ పాస్టరు ఎక్కడుంటాడు? అదే వీధిలో ఉంటాడు. బిడ్డకు అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తడతారు, లేచి వస్తాడు, తల మీద చేయి పెట్టి ప్రార్థిస్తాడు, ఆటో పిలుస్తాడు. మనం నెలకొక దివ్యబలిపూజా, ఏడాదికొక పండుగా ఇచ్చి, మిగిలిన రోజుల సంగతి వాళ్లనే చూసుకోమన్నాం. మనిషి కష్టంలో ఎవరు పక్కన కూర్చుంటే వాళ్ల దేవుణ్ణే పిలుస్తాడు. అందులో సిద్ధాంతం ఏమీ లేదు. మంచి ఉపదేశి ఉన్న ఊళ్లో ఈ ఫిర్యాదు తక్కువ వినిపిస్తుంది. నేను చూసినంతలో ఇది నిజం.

ఆధ్యాత్మిక ఎదుగుదల అన్నాం కదా, దాన్ని దేంతో కొలుస్తారు? ప్రతి మేత్రాసనమూ ఏటా లెక్కలు వేసుకుంటుంది. ఇన్ని జ్ఞానస్నానాలు, ఇన్ని భద్రమైన అభ్యంగనాలు, ఇన్ని పెండ్లిళ్లు, కట్టిన గుడులిన్ని. లెక్కలు ఉండాల్సిందే. ఆ పట్టికలో పట్టనివి కొన్నున్నాయి. తపస్సు కాలం నలభై రోజులూ శుక్రవారం శుక్రవారం సిలువ మార్గం నడిచిన అన్నదమ్ములు, మట్టల ఆదివారానికి కూడా ఒకరి ముఖం ఒకరు చూడకపోతే ఆ నడక ఎటు వెళ్లినట్టు? నవంబరు 2న చనిపోయినవాళ్ల స్మరణ దినం. సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఎంతో అందంగా ఉంటుంది. కానీ కొన్ని ఊళ్లలో ఆ కొవ్వొత్తులు రెండు చోట్ల వెలుగుతాయి. ఒక కులం వాళ్ల సమాధులు ఇటు, ఇంకో కులం వాళ్ల సమాధులు అటు. ఒకే జ్ఞానస్నానపు తొట్టిలో నీళ్లు పోయించుకున్నవాళ్లే.

దీన్ని మాట్లాడకుండా మన దగ్గర ఆధ్యాత్మికత గురించి ఏం మాట్లాడినా అది అలంకారమే. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత కోసం ఒక విధాన పత్రం తెచ్చింది. సంఘంలో అంటరానితనం ఇంకా ఉందని, అది పాపమని పీఠాధిపతులే ఒప్పుకున్నారు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో తొలి కార్డినల్ ఆయనే. దళితులలోనూ తొలి కార్డినల్ ఆయనే. కర్నూలు మేత్రాసనంలో పేద ఇంట్లో పుట్టి, ఏడో తరగతితో చదువు ఆగిపోయే స్థితి నుంచి మిషనరీల సాయంతో పైకి వచ్చినవారు. 2025 మే నెలలో లియో పోపుగారిని ఎన్నుకున్న సభలో ఓటు వేసినవారు. ఆయన కార్డినల్ అయిన రోజు మనమందరం టపాకాయలు కాల్చాం. మంచిదే. కులాల సమాధులను విడదీసే శ్మశానం గోడ ఎన్ని ఊళ్లలో పడిందని అడిగితే మాత్రం జవాబు చెప్పడానికి ఎవరూ ముందుకు రారు. ఆ గోడ గురించి పల్లెలో మొదట నోరు విప్పగలిగేదీ, విప్పితే మొదట దెబ్బ తినేదీ ఉపదేశే. ఆయన కూడా ఏదో ఒక కులంలో పుట్టినవాడే కదా.

ప్రభుత్వం వైపు కథ ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం గుర్తింపు లేదు. అందుకే ఒకే పిల్లవాడికి బడి రిజిస్టరులో ఒక పేరు, జ్ఞానస్నాన పుస్తకంలో ఇంకో పేరు. అది వేరే ప్రసంగానికి సరిపోయే విషయం, ఇక్కడ వదిలేస్తున్నాను.

ఉపదేశి విలువ రోముకు ఈ మధ్యనే కొత్తగా గుర్తొచ్చింది. 2021 మే 10 తేదీతో ఫ్రాన్సిస్ పోపుగారు ఒక లేఖ వెలువరించి, ఉపదేశి సేవను సంఘం అధికారికంగా ప్రతిష్ఠించే పరిచర్యగా నిలబెట్టారు. స్త్రీలకూ పురుషులకూ సమానంగా. ఎవరిని తీసుకోవాలి, ఎంత శిక్షణ ఇవ్వాలి అనేది ఆయా దేశాల పీఠాధిపతుల సమాఖ్యలు నిర్ణయించాలన్నారు. మరుసటి ఏడు జనవరి 23న పునీత పేతురు మహాదేవాలయంలో కొందరు ఉపదేశులను ఆయన స్వయంగా ప్రతిష్ఠించారు. వాళ్లలో ఆడవాళ్లున్నారు. గుండు, కొబ్బరికాయ, కొవ్వొత్తుల భక్తి ఎవరూ నేర్పకుండానే మనవాళ్లకు అబ్బుతుంది. సువిశేషం చదివి, దాన్ని బతుకుకు తగిలించి చెప్పడం ఒకరు నేర్పాలి, ఒకరు నేర్చుకోవాలి. ఆ లేఖ సారం నాకు అర్థమైనంతలో ఇదే.

2025 అక్టోబరు 19న లియో పోపుగారు పునీతులుగా ప్రకటించినవారిలో పీటర్ టో రాట్ అనే ఉపదేశి ఉన్నారు. పాపువా న్యూగినీ ద్వీప దేశం నుంచి తొలి పునీతుడు ఆయన. రెండో ప్రపంచయుద్ధంలో జపాను సైన్యం అక్కడి విదేశీ గురువులందర్నీ పట్టుకుపోయింది. విచారణ మొత్తం ఈ ముప్పై ఏళ్ల సంసారి భుజాన పడింది. జ్ఞానస్నానాలిచ్చాడు, రోగుల దగ్గర కూర్చున్నాడు, చనిపోయినవాళ్లను సాగనంపాడు, పెండ్లిళ్లకు సంఘం తరఫున సాక్షిగా నిలిచాడు. సైన్యం బహుభార్యత్వాన్ని మళ్లీ తెస్తామంటే ఎదురు నిలిచాడు. 1945లో జైలు శిబిరంలో చంపేశారు. మన ఊరి ఉపదేశి చేసేదీ చాలావరకు ఇలాంటి పనులే.

అదే 1945లో, జనవరి 15న, కృష్ణా జిల్లా పెద్దావుటపల్లిలో బ్రదర్ జోసఫ్ తంబి కన్నుమూశారు. ఆయనా గురువు కాదు. పునీత ఫ్రాన్సిస్ మూడవ సభకు చెందిన గృహస్థ సోదరుడు. ఉన్నది పంచిపెట్టి, లేనివాళ్ల కోసం అడుక్కుని, ప్రార్థిస్తూ తిరిగిన మనిషి. ఆయనను పునీతుడిగా గుర్తించే ప్రక్రియ విజయవాడ మేత్రాసనం చేపట్టింది, ఇప్పుడు దైవసేవకుడని పిలుస్తున్నారు. ప్రతి జనవరిలో ఆ సమాధి దగ్గరికి వేలమంది వెళతారు. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఆయన దగ్గర ఏదో ఒకటి అడగడానికే వెళతారు. ఆయనలా పక్కింటి తలుపు తట్టాలని అనుకుని తిరిగి వచ్చేవాళ్లు కొందరైనా ఉంటే బాగుండును.

ఈ మాటలు రేడియోలో చెబుతున్నాను కాబట్టి ఒక సంగతి గుర్తొస్తోంది. మనీలా నుంచి రేడియో వెరితాస్ ఏషియా షార్ట్‌వేవ్‌లో తెలుగు కార్యక్రమాలు వేసేది. గరగరల మధ్య ఆ గొంతు కోసం సెట్టు తిప్పి తిప్పి పట్టుకున్న ఇళ్లున్నాయి. ఫిలిప్పీన్స్‌లో ఎక్కడో కూర్చుని ఒకరు తెలుగులో సువిశేషం చెబుతుంటే వినడం గొప్పగా ఉండేది. 2018తో ఆ షార్ట్‌వేవ్ ఆగిపోయింది, సరుకంతా ఇంటర్నెట్‌కు మారింది. ఇవాళ ఫోను తెరిస్తే ఏ గంటకైనా పూజ చూడవచ్చు. మంచాన ఉన్నవాళ్లకు అది వరమే. ఒంట్లో శక్తి ఉన్నవాళ్లు కూడా మంచం మీదే చూస్తున్నారు, అదీ తంటా. ఫోను మనల్ని "రెండు వారాల నుంచి కనపడటం లేదేం?" అని అడగదు.

గల్ఫులో ఉన్న మన ఆడపడుచులకు ఈ సంగతి బాగా తెలుసు. కడప వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్లినవాళ్లు చాలామంది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం పూజ శుక్రవారమే. ఆ సెలవైనా దొరికితేగా! దొరకనివాళ్లు వంటగదిలో జపమాల చెప్పుకుంటారు. ఊళ్లో ఉపదేశిగారో, ఉపదేశిగారి భార్యో చిన్నప్పుడు నేర్పిన జపాలే వాళ్లకు అక్కడ విచారణ, మేత్రాసనం అన్నీ.

ఉపదేశిగారి భార్య అన్నాను. ఆవిడ ప్రస్తావన ఏ నివేదికలోనూ ఉండదు. ఆడవాళ్లను కూడగట్టేదీ, మే నెలలో మరియమాత స్వరూపాన్ని ఇంటింటికీ తిప్పేదీ, ప్రథమ దివ్య సత్ప్రసాదానికి పిల్లల్ని సిద్ధం చేసేదీ, గుడి ఊడ్చేదీ ఆవిడే. జీతం అసలే లేదు. పరిచర్య స్త్రీలకూ తెరిచి ఉందని రోము చెప్పాక, ఆవిడకు శిక్షణ ఇచ్చి, ప్రతిష్ఠించి, పేరు పెట్టి పిలవడానికి మనకు అడ్డమేముంది? మగవాళ్ల మొహమాటం తప్ప నాకేదీ కనిపించదు.

డబ్బు సంగతికి వద్దాం. పూర్వం ఉపదేశికి కళ్లంలో వడ్లు కొలిచేవారు. కొత్తపంట కానుకలో ఆయన వాటా ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల ఆయనకు దక్కేది చాలా తక్కువ. పగలు పొలానికి వెళ్లి, సాయంత్రం గుడికి వస్తారు. అరవై ఏళ్లు దాటాక, గొంతు పోయాక, "ఇక చాలు ఉపదేశిగారూ" అని శాలువా కప్పి ఇంటికి పంపుతారు. ఆ శాలువాతో మందులు రావు. గుడి గోపురానికి లక్షల చందాలు పోగయ్యే ఊరే ఉపదేశికి నెలకు తలా కొంత వేసుకోవడానికి ఒప్పుకోదు. గోపురం పక్కూరికి కనిపిస్తుంది కదా మరి! కట్టడాల మీద మన మోజు భక్తి కాదని నా అభిప్రాయం. నచ్చనివాళ్లు క్షమించాలి.

మార్గం లేకపోలేదు. 2021 అక్టోబరులో మేత్రాసనాల్లో మొదలై 2024 అక్టోబరులో రోములో ముగిసిన సినడులో, అంటే సంఘమంతా కలిసి ఆలోచించుకున్న మహాసభలో, అందరి మాటా వినాలన్నది ఒక్కటే పట్టుదల. ఆ సినడు చివరి పత్రం సలహా సంఘాలు, ఆర్థిక సంఘాలు కాగితం మీద కాక నిజంగా పనిచేయాలని కోరింది. ఫ్రాన్సిస్ పోపుగారు ఆ పత్రాన్ని ఉన్నదున్నట్టుగా ఆమోదించి విడుదల చేశారు. అంటే మీ విచారణ సలహా సంఘంలో లేచి నిలబడి అడిగే హక్కు మీకుంది. అడిగితే ఫాదర్‌గారికి కోపం వస్తుందేమోనని భయపడకండి. చాలామంది గురువులు ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురు చూస్తున్నవాళ్లే.

కాబట్టి, ఈ ప్రసంగం వింటున్న కతోలిక సోదరీ సోదరులారా, మీకు రెండే విన్నపాలు. వచ్చే ఆదివారం మీ ఊరికి గురువులు రాకపోతే టీవీ ముందు కూర్చోకండి, గుడికి వెళ్లండి, ఉపదేశిగారు తాళం తీసేసరికి అక్కడుండండి. ఆ తర్వాత జరిగే మొదటి సలహా సంఘం సమావేశంలో ఆయన జీతం, శిక్షణ, వృద్ధాప్యంలో ఆయనకు అందవలసిన పింఛను, ఈ మూడింటినీ అజెండాలో రాయించండి. తీర్మానం అయ్యేదాకా అక్కడినుంచి లేవకండి.